రెండో ఆవిడ సంగతి

"అది సరేనండీ, ఆ రెండో ఆవిడ ఏమైంది?"

ఎనభై మూడు వేసవిలో, అమెరికాలోని పిస్కాటవేలో మా ఇంటి వెనక మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పద్మిని గారు నన్నడిగిన మాట ఇది. మా ఇల్లు అన్నానే గాని ఇల్లు వాళ్ళది. నేను కింద బేస్‌మెంట్‌లో అద్దెకుండేవాణ్ణి. యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ చదువుతూ, అక్కడి లైబ్రరీలోనే పుస్తకాలు సర్దే పని చేసేవాణ్ణి. మా వంశంలో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకని నేను చదివేదేమిటో అర్థం కాకపోయినా, ఏదో గొప్పదే అయి ఉంటుందని మావాళ్ళు ఊరుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేను చేస్తున్నది చదువు కాదు. ఆగస్టులో మా తెలుగు సంఘం జరిపే సభకు ఏకపాత్రాభినయం ఒకటి రాసిపెట్టమన్నారు. అది లేని సభను మనవాళ్ళు సభగా ఒప్పుకోరు కదా. ఏటా ఎవరో ఒకరు అట్టగద భుజాన వేసుకుని దుర్యోధనుడిగా రంకెలు వేసేవారు. ఈసారి పాత్ర ఫ్రెంచి చక్రవర్తి నెపోలియన్ భార్య జోసెఫీన్. రాసినదాన్ని పైకి చదువుకుంటే తప్ప నాకు అందులో తప్పులు కనపడవు. కిటికీ తెరిచి ఉంది. పైన మెట్ల మీద పద్మిని గారు ఉన్నారని నాకు తెలియదు.

నేను చదువుతున్నది విడాకుల ఘట్టం. నెపోలియన్‌కు వారసుడు కావాలి. అన్నేళ్ళ కాపురంలో జోసెఫీన్‌కు అతనివల్ల పిల్లలు కలగలేదు. అయినవాళ్ళంతా చూస్తుండగా, "నా ఇష్టంతోనే తప్పుకుంటున్నాను" అని ఆవిడ నోటితోనే చదివించారు. ఆవిడ సగమే చదవగలిగింది. మిగతాది పక్కనున్న అధికారి చదివాడు. ఆవిడకు మాల్మైజోన్ అనే తోట ఇల్లు ఇచ్చారు. చక్రవర్తిని అనే బిరుదు తీసెయ్యలేదు. ఆ తోటలో గులాబీలు పెంచుకుంటూ ఉండిపోయింది. నా ఏకపాత్ర అక్కడితో అయిపోతుంది.

"ఏ రెండో ఆవిడండీ?" అన్నాను కిటికీలోంచి తల ఎత్తి.

"వారసుడి కోసమేగా ఆవిణ్ణి వదిలేశాడు? మరి ఇంకో ఆవిణ్ణి తెచ్చుకునుంటాడుగా. ఎవరావిడ? ఎక్కణ్ణుంచి తెచ్చారు? ఆవిడ మీద ఎవరూ నాటకాలు రాయరా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. ఎందుకడుగుతున్నారో మాత్రం తెలిసింది. పద్మిని గారు కూడా రెండో ఆవిడే.

జోసెఫీన్ వేషం వెయ్యబోతున్నది రాధారాణి. మా ఇంటాయన రామమోహన్ గారి మొదటి భార్య. నేను రాధక్క అనేవాణ్ణి. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు చలికోటు చూసిపెట్టిందీ, సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెంట వచ్చిందీ, జ్వరమొస్తే చారన్నం పెట్టిందీ ఆవిడే, ఇదే ఇంట్లో. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన మందుల కంపెనీలో సైంటిస్టు, ఆవిడ హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగి. ఇద్దరి మధ్యా విడాకుల మాట ముందు ఎవరు ఎత్తారో నేనడగలేదు. రాధక్క పక్క ఊరు ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుంది. ఏడాది తిరిగాక ఆయన ఏలూరు వెళ్ళి పద్మిని గారిని చేసుకొచ్చారు.

అప్పట్లో మా చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు కొద్ది. ఆడవాళ్ళంతా రాధక్క పక్షం. మగవాళ్ళు ఎవరి పక్షమో వాళ్ళింటి ఆడవాళ్ళే చెప్పేవాళ్ళు. పద్మిని గారు వచ్చి ఏడాది కావస్తున్నా ఆ ఇంటికి భోజనానికి ఒక్కరూ రాలేదు, వీళ్ళనొక్కరూ పిలవలేదు. ఎదురుపడితే నవ్వేవాళ్ళు, అంతే. ఇప్పుడావిడకు ఏడో నెల.

అడిగినదానికి జవాబు చెప్పడం లైబ్రరీవాడి ధర్మం. మర్నాడు పని అయిపోయాక యూరప్ చరిత్ర అరల దగ్గరికి వెళ్ళి పుస్తకాలు రెండు తెచ్చుకున్నాను.

"పేరు మరీ లూయిజ్. ఆస్ట్రియా చక్రవర్తి కూతురు. పద్దెనిమిదేళ్ళది. నెపోలియన్‌కి అప్పుడు నలభై," అని మొదలుపెట్టాను.

పద్మిని గారు కాఫీ గ్లాసు నా ముందు పెట్టి, "మా ఆయన ఇంకా రెండేళ్ళు పెద్ద. ఊఁ, చెప్పండి," అన్నారు.

"వాళ్ళ ఊరి మీద ఈయన దండెత్తాడు, ఒకసారి కాదు. చిన్నప్పుడు ఆవిడ ఒక బొమ్మకి నెపోలియన్ అని పేరు పెట్టి దాన్ని తిట్టేదట, కొట్టేదట."

"చివరికి ఆ బొమ్మకే ఇచ్చి చేశారన్నమాట."

"చేశారు. పెళ్ళికి ఆయన రాలేదు కూడా. పెళ్ళి వియన్నాలో, ఆయన పారిస్‌లో. ఆయన బదులు అమ్మాయి బాబాయి నిలబడ్డాడు."

"ఇందులో వింతేముంది? జమీందార్ల ఇళ్ళల్లో పెళ్ళికొడుకు రాకపోతే కత్తికి బాసికం కట్టి పెళ్ళి చేసేవాళ్ళని మా నాయనమ్మ చెప్పేది. కత్తే నయం. ఎదురుగా బాబాయి ఉంటే తలెత్తడం కూడా కష్టం."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. తర్వాతేమిటన్నట్టు చూశారు.

"తర్వాత పారిస్ ప్రయాణం. సరిహద్దులో ఒక మండపంలాంటిది కట్టారు. ఇటు గది ఆస్ట్రియాది, అటు గది ఫ్రాన్సుది. మధ్య గదిలో అప్పగింతలు. ఒంటి మీద ఉన్న పుట్టింటి బట్టలన్నీ మార్పించి ఫ్రెంచి బట్టలు తొడిగారు. వెంట వచ్చినవాళ్ళని వెనక్కి పంపేశారు. పెంచుకున్న కుక్కపిల్లని కూడా వదిలెయ్యమన్నారు."

పద్మిని గారు అడ్డొచ్చారు. "కుక్కపిల్లనెందుకు?"

"పుట్టింటిదని."

"నేను మల్లె అంటు తెచ్చుకున్నా," అన్నారు. "తడిగుడ్డలో చుట్టి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుని. కెన్నెడీ ఎయిర్‌పోర్ట్‌లో మట్టి ఉందని తీసేసుకున్నారు. ఆ ఆఫీసర్ సారీ చెప్పాడు పాపం. ఇంటికొచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నిటి మీదా ఆవిడ చేతిరాత. కందిపప్పు, మెంతులు, ఇంగువ. ఈయన చెరిపేస్తానన్నారు. నేనే వద్దన్నా. దేంట్లో ఏముందో తెలియాలిగా."

అప్పట్నుంచి అదొక అలవాటైపోయింది. సాయంత్రం నేను సైకిల్ దిగేసరికి, "ఏం చేస్తోందండీ మీ లూయమ్మ?" అని అడిగేవారు. వర్షంలో నెపోలియన్ దారిలో ఆవిడకి ఎదురెళ్ళి, బండి ఆపించి ఎక్కి కూర్చున్నాడని చెబితే, "మా ఆయన ఎయిర్‌పోర్ట్‌కే అరగంట లేటు," అన్నారు. కాన్పు కష్టమైతే, ఎవరో ఒకరినే దక్కించగలమంటే తల్లినే బతికించమన్నాడట అని చెబితే, లేచి వెళ్ళి పొయ్యి మీది పప్పు కలిపి వచ్చారు.

ఏకపాత్ర రాత పూర్తయ్యాక ఎడిసన్ తీసుకెళ్ళి రాధక్కకు ఇచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది.

"బాగానే ఉంది దామూ. నువ్వింత గ్రాంథికం రాస్తావనుకోలేదు. ఈ 'హా హతవిధీ' తీసెయ్. ఫ్రాన్సులో ఎవరంటారు?"

"అలా ఉంటే చప్పట్లు పడతాయని యోగానంద్ గారే..."

"ఆయన సెక్రటరీ. సెక్రటరీ హాలు బుక్ చెయ్యాలి, మాటలు నేర్పకూడదు." కళ్ళజోడు తీసింది. "నేనీ వేషం ఎందుకు వేస్తున్నానో జయంతి అందరికీ ఫోన్ చేసి చెప్పిందటగా. రామమోహన్ ముందు వరసలో కూర్చుని చెమటలు కక్కుకోవాలని."

"కాదా అక్కా?"

"ఆయన నాటకాల్లో నిద్రపోతాడు. నీకు తెలియందేముంది?" అంది. కళ్ళజోడు తుడుస్తూ, "నాకు ఆవిడ తోట నచ్చింది. అంతే," అంది.

జయంతి గారు యోగానంద్ గారి భార్య. సంఘానికి ఆయన సెక్రటరీ, ఆయనకు ఈవిడ ప్రెసిడెంటు అనేవారు.

ఏదో ఒకటి చెప్పాలని, నేను లూయిజ్ కోసం చదువుతుంటే దొరికిన సంగతి చెప్పాను. నెపోలియన్‌కు కొడుకు పుట్టాక, ఆ పిల్లాణ్ణి ఒక్కసారి చూడాలని జోసెఫీన్ అడిగిందట. పారిస్ దగ్గర ఒక తోటలోకి, పెద్దగా ఎవరికీ తెలియకుండా, పిల్లాణ్ణి తీసుకొచ్చి చూపించారట.

రాధక్క కాగితాలు సరిచేస్తూ, "చూసిందా?" అంది.

"చూసింది. ముద్దు పెట్టుకుందట. దీన్ని చివర్లో కలపమంటారా?"

"వద్దు." గట్టిగా ఏమీ అనలేదు. "ఆ ముక్క వద్దు దామూ." నాకు మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళింది. అక్కణ్ణుంచే, "ఆ అమ్మాయికి ఎన్నో నెల?" అని అడిగింది.

"ఏడు."

"ఊఁ," అంది. ఫ్రిజ్ తలుపు చప్పుడైంది.

జులైలో ఒక శనివారం మంచిదని ఏలూరు నుంచి పద్మిని గారి వాళ్ళమ్మ ముహూర్తం పెట్టి పంపారు. సీమంతం. రామమోహన్ గారు తెలుగు సంఘం డైరెక్టరీ తెచ్చి బల్ల మీద పెట్టారు. వంటింటి గోడకున్న ఫోను తీసుకుని పద్మిని గారు వరసగా పిలుపులు మొదలుపెట్టారు. నేను బేస్‌మెంట్ మెట్ల దగ్గర బట్టలు మడత పెట్టుకుంటున్నాను. ఇటువైపు మాటలే నాకు వినిపించేవి.

"నమస్కారమండీ, నేను పద్మినిని... రామమోహన్ గారి... అవునండీ. ఈ శనివారం గాజులు తొడిగిద్దామని... అవునా అండీ. రిహార్సలా. ఓహో. అలాగేనండీ. పర్లేదండీ."

రెండో ఫోను. "...రిహార్సలండీ? అవునండీ, ఇందాకే ఎవరో చెప్పారు. పర్లేదండీ."

మూడో ఫోనుకి 'పర్లేదండీ' ముందే వచ్చేసింది. ఫోను పెట్టేసి, వైరు మెలికలు విప్పుతూ నిలబడ్డారు.

ఒక్క మనిషి వేసే నాటకానికి ఊళ్ళో ఆడవాళ్ళందరికీ రిహార్సలేమిటని నాకు అనిపించింది. కానీ నేను కూడా ఆ పూట జయంతి గారింటికి వెళ్ళాల్సినవాణ్ణే. పక్కనుండి మాటలు అందించే పని నాది.

రామమోహన్ గారు పేపర్లోంచి తల ఎత్తకుండా, "రాకపోతే పోయారు పద్మా. మా ఆఫీస్ వాళ్ళని పిలుద్దాం. బేబీ షవర్ అంటే వాళ్ళకీ తెలుసు," అన్నారు.

"వాళ్ళు గాజులు తొడుగుతారా?"

"నేర్పిస్తే తొడుగుతారు."

"నాకు గాజులు లేకనా అండీ?" అన్నారావిడ నెమ్మదిగా. "రేపు వీడో, ఇదో పుడుతుంది. ఇవాళ ఈ గడప తొక్కనివాళ్ళు అప్పుడు మాత్రం ఎందుకు తొక్కుతారు? వాళ్ళ పిల్లల బర్త్‌డేకి మన పిల్లని పిలుస్తారా? నేనొక్కదాన్నయితే నాలుగు గోడల మధ్యా ఉంటా. పిల్లని ఉంచలేను. నాకు టికెట్ బుక్ చెయ్యండి. ఎనిమిదో నెల వస్తే ఫ్లైట్ ఎక్కనివ్వరట. పురిటికి అమ్మ దగ్గరికి వెళ్తాను."

"పురిటికేనా?"

పద్మిని గారు డైరెక్టరీలో పేజీ తిప్పారు. ఆయన పేపరు మడిచి, "శనివారం అవనీ. సోమవారం ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేస్తాను," అన్నారు. ఆయన గొంతు అంత చిన్నదవడం నేను వినలేదు అంతకుముందు.

ఆయన బయటికి వెళ్ళాక, "లూయమ్మ చివరికి పుట్టింటికి వెళ్ళిపోయిందా?" అని అడిగారు నన్ను.

"వెళ్ళింది. ఆయన రాజ్యం పోయాక."

"పిల్లాణ్ణి తీసుకునే?"

ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప నాకు ఇంకో విద్య రాదు. "తీసుకునే. కానీ తర్వాత పిల్లాణ్ణి వాళ్ళ తాత దగ్గరే ఉంచేసుకున్నారు. ఆవిణ్ణి ఇటలీలో పార్మా అనే చోటికి ఏలికగా పంపారు. ఏటి మీద వంతెన కట్టించింది, కాన్పుల ఆసుపత్రి పెట్టించింది. అక్కడి జనం బాగా చూసుకున్నారు. పిల్లాడు మాత్రం ఆవిడ దగ్గర పెరగలేదు."

"అయితే వెళ్ళడం కూడా తేలిక కాదన్నమాట." డైరెక్టరీ మూసి పక్కన పెట్టారు. "లూయమ్మా, జోసెఫీనూ ఎప్పుడైనా కలుసుకున్నారా?"

"లేదండీ. నెపోలియన్ ఒకసారి తీసుకెళ్తానంటే ఈవిడ ఏడ్చిందట."

"నేనైతే ఏడవను," అన్నారు పద్మిని గారు. "కానీ ఆవిడకి ఫోన్ చేసి ఏమని పిలవను? నాకు నోరు రాదు."

శనివారం జయంతి గారి బేస్‌మెంట్‌లో మడత కుర్చీలు వేశారు. కాఫీ ఫ్లాస్కు, కారప్పూస, పట్టుచీరల్లో ఆడవాళ్ళు. ఇండియా నుంచి వేసవికి వచ్చిన జయంతి గారి అత్తగారు గోడవారగా కూర్చున్నారు. అందరూ ఆవిణ్ణి మామ్మగారు అనేవాళ్ళు. రాధక్క తెల్ల వెంకటగిరి చీరలు రెండు కలిపి కుట్టిన గౌనులో వచ్చింది. ఎదకు కాస్త కింద పట్టీ, అక్కణ్ణుంచి కాళ్ళ దాకా కుచ్చులు. తల మీద అట్టకు బంగారు కాగితం అంటించిన కిరీటం.

"నా భర్త, నా చక్రవర్తి అనుమతితో ఈ సభకు విన్నవిస్తున్నాను," అని మొదలుపెట్టింది. అంత బాగా చేస్తుందని నేననుకోలేదు. గొంతు ఎత్తలేదు, చేతులు ఊపలేదు. "ఆయన రాజ్యానికి వారసుణ్ణి ఇవ్వగల ఆశ నాకిక లేదు. ఈ ప్రపంచంలో ఎవరూ చూపని ప్రేమకు, త్యాగానికి గుర్తుగా..."

జయంతి గారు కళ్ళొత్తుకున్నారు. ఆవిణ్ణి చూసి పక్కావిడ ముక్కు చీదింది. రాధక్క ఆగిపోయింది. నేను తర్వాతి మాట అందించాను. ఆవిడ అందుకోలేదు. కుర్చీలవైపు చూస్తోంది.

"ఏమిటి, ఇంతమంది వచ్చారు? వేసేదాన్ని నేనొక్కదాన్నేగా. అందరూ పట్టుచీరలు కూడా కట్టుకొచ్చారు."

రాధక్క నావైపు తిరిగింది. "ఏంటి దామూ?"

"ఇవాళ పద్మిని గారి సీమంతం అక్కా," అన్నాను. "రిహార్సల్ ఉంది, రాలేమని వీళ్ళంతా చెప్పారు."

కారప్పూస నములుతున్నవాళ్ళు నమలడం మానేశారు. రాధక్క కిరీటం తీసి చేత్తో పట్టుకుంది. దాని అంచు ఒక చోట ఊడితే గోటితో నొక్కింది.

"నాకెవరూ చెప్పలేదే."

"నీకెలా చెప్తాం రాధా?" అన్నారు జయంతి గారు. "నువ్వు బాధపడతావనేగా. మేమంతా నీకోసమే కదా ఆ గుమ్మం తొక్కకుండా ఉన్నది."

"నాకోసమా?"

"మరి?"

"అయితే నాకోసం లేవండి. కార్లు తియ్యండి." ఆ మాట అనేటప్పుడు కూడా ఆవిడ గొంతు పెరగలేదు. "మామ్మగారూ, మీరు నా కారులో రండి. ఏమేం చెయ్యాలో వీళ్ళెవరికీ సరిగా తెలియదు. దామూ, ఎన్ని గంటలకక్కడ?"

"మొదలై ఉండాలక్కా ఈపాటికి."

దారిలో భారతీయ సామాన్ల కొట్టు దగ్గర ఆపి, గౌనుతోనే దిగి గాజులు, పసుపు, తమలపాకులు తెచ్చింది. కొట్టతను నోరు తెరుచుకుని చూశాడు. మళ్ళీ కారు రోడ్డెక్కాక, వెనక మామ్మగారు కునుకుతున్నారని చూసుకుని, "ఆ పిల్లాణ్ణి తోటలో చాటుగా ఎందుకు చూపించారన్నావు?" అని అడిగింది.

"రెండో ఆవిడకి ఇష్టం లేదట."

సిగ్నల్ దగ్గర ఆగాం. పచ్చలైటు పడ్డా ఆవిడ కారు కదలలేదు. వెనకెవరో చిన్నగా హారన్ కొడితే గాని కదలలేదు.

"ఈ అమ్మాయికి ఇష్టముంటుందా?" అంది.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను.

ఇంటి ముందు రెండే కార్లున్నాయి, రామమోహన్ గారి ఆఫీస్ వాళ్ళవి. పెరట్లో ఆయన గ్రిల్ దగ్గర మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. అమెరికన్లు ఇద్దరు కాగితం పళ్ళాలు పట్టుకుని మర్యాదగా నిలబడ్డారు. రోడ్డు వారగా ఒకదాని వెనక ఒకటి మా కార్లు ఆగడం చూసేసరికి ఆయన చేతిలోని పట్టకారు అలాగే ఉండిపోయింది.

పద్మిని గారే తలుపు తీశారు. ఆకుపచ్చ పట్టుచీర, నుదుట పెళ్ళిబొట్టు, జడ నిండా దొరికిన గులాబీలు. ఎదురుగా తెల్లగౌనులో రాధక్క, వెనక ఊరంతా.

"లోపలికి రావచ్చా?" అంది రాధక్క.

"రండక్కా," అన్నారు పద్మిని గారు.

తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఎవరో చాప వేశారు, ఎవరో హారతికి కర్పూరం వెతికారు. మామ్మగారు కుర్చీలో కూర్చుని ఆజ్ఞలు జారీ చేశారు. "ఇత్తడి పళ్ళెం ఉందా అమ్మాయ్?" అంటే పద్మిని గారు ఆలోచిస్తుండగానే, "ఫ్రిజ్ పైన అరలో, వెనకగా," అనేసింది రాధక్క. అనేశాక నాలుక కరుచుకుంది. పద్మిని గారు మాత్రం, "అక్కడుందా? నేను చూడనే లేదు. దామోదర్ గారూ, కాస్త ఎక్కి తీసివ్వండి," అన్నారు.

"ముందుగా గాజులు ఎవరు తొడుగుతారు? నేనెలాగూ పనికిరాను," అన్నారు మామ్మగారు. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది.

"రాధారాణి గారు తొడుగుతారు," అన్నారు పద్మిని గారు.

మామ్మగారు ఇబ్బందిగా కదిలి, "తొడగవచ్చనుకో. కాకపోతే ముత్తైదువ చేతి మీదుగా అంటారు. ఈ విడాకుల లెక్క నాకు తెలీదు తల్లీ. మా రోజుల్లో లేదు," అన్నారు.

రాధక్క చాప మీద మోకాళ్ళేసి కూర్చుని గాజుల పొట్లం విప్పుతోంది. "లెక్క ప్రకారం నేను ముత్తైదువనే మామ్మగారూ. ఆయన నిక్షేపంగా ఉన్నాడుగా. అదుగో, పొత్తులు మాడుస్తున్నాడు," అంది.

కిటికీలోంచి పొగ వస్తోంది. ముందు నవ్వింది జయంతి గారు. తర్వాత ఎవరు నవ్వారో, ఎవరు ఆపుకున్నారో చెప్పలేను. మామ్మగారు కూడా బోసినోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. బయట రామమోహన్ గారు తనమీదేదో పడిందని తెలిసి, ఏమిటో తెలియక, లోపలికి తొంగి చూశారు.

రాధక్క పద్మిని గారి చెయ్యి తీసుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఒక్కొక్క గాజే ఎక్కించింది. ఏడో నెల వాపుకి చెయ్యి లావెక్కింది. "నొప్పా?" అంది. "లేదక్కా." చేతులు రెండూ నిండాక, పద్మిని గారు కడుపు పట్టుకుని, వంగలేక వంగి ఆవిడ కాళ్ళకు దండం పెట్టబోయారు.

అప్పుడు తెలిసింది అందరికీ. పెళ్ళైన ఆడదాన్ని ఏమని దీవిస్తారో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. నీ భర్త నిండు నూరేళ్ళుండాలని. ఆ మాట ఈవిడ నోట రావాలి.

రాధక్క ఆ అమ్మాయి భుజాలు పట్టుకుని లేపింది. కుంకుమ వేలు ఆవిడ నుదుటి మీద ఒక క్షణం ఎక్కువే ఉంది.

"దీర్ఘ సుమంగళీ భవ," అంది, మామూలుగా. తర్వాత గొంతు తగ్గించి, "అది ఆయనకి. నీకేం కావాలో అడుగు," అంది.

పద్మిని గారు ఆలోచించలేదు. ఎన్నాళ్ళుగానో సిద్ధంగా ఉంచుకున్నట్టు అన్నారు, "నాకు డ్రైవింగ్ నేర్పండక్కా."

"ఆయన నేర్పలేదా?"

"రెండుసార్లు తీసుకెళ్ళారు. అరుస్తారు."

"నా మీదా అరిచాడు," అంది రాధక్క. "లెర్నర్స్ పర్మిట్ ఉందా?"

"ఉంది."

"రేపు పొద్దున పదింటికి రెడీగా ఉండు. చెప్పులు వద్దు, బూట్లు వేసుకో."

సోమవారం రామమోహన్ గారు ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చెయ్యలేదు. చెయ్యమని ఎవరూ అడగలేదు.

ఆదివారాల్లో యూనివర్సిటీ పార్కింగ్ లాట్ ఖాళీగా ఉండేది. సీటు వెనక్కి జరిపి, కడుపుకీ స్టీరింగ్‌కీ మధ్య జానెడు చోటు చేసుకుని పద్మిని గారు కారు తిప్పేవారు. రాధక్క ఎప్పుడూ అరవలేదు. "అది బ్రేకు కాదు తల్లీ," అనేది, అంతే. కొన్ని వారాలు అలా గడిచాయి. జయంతి గారు ఒకసారి ఊరికే వచ్చి చూసి, పులిహోర డబ్బా ఇచ్చి వెళ్ళారు. ఆ తర్వాత ఫోన్లు అటునుంచి కూడా రావడం మొదలైంది. వెంటనే కలిసిపోయారని చెప్పను. ఆ శనివారం సంగతి తలుచుకుని ముఖం తిప్పుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఆగస్టులో సభ రోజు వచ్చింది. హైస్కూల్ ఆడిటోరియం. సాయంత్రం ఎడిసన్ నుంచి రాధక్క మా ఇంటికే వచ్చి, గౌను వేసుకుని, కారు తాళాలు పద్మిని గారి చేతిలో పెట్టింది.

"ఇవాళా? నాకు భయమక్కా. మెయిన్‌రోడ్డు."

"నాకూ భయమే. స్టేజి. పద."

ముందు సీట్లో తెల్లగౌనులో రాధక్క, వెనక సీట్లో ఒళ్ళో కిరీటం పెట్టుకుని నేను. స్కూలుకి వెళ్ళే రోడ్డు సన్నది. మధ్యలో జంట గీత, దాటిపోవడానికి వీల్లేదు. పద్మిని గారు రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నడిచేవాళ్ళకంటే కొంచెం వేగంగా పోతున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. మా వెనక కారు రామమోహన్ గారిది. దాని వెనక యోగానంద్ గారిది, ముందు సీట్లో జయంతి గారు. ఆ వెనక ఇంకా కార్లు, మలుపు దాకా. సభకు వచ్చే తెలుగువాళ్ళంతా అందులోనే ఉన్నారు, అందరికీ ఆలస్యమవుతోంది.

అద్దంలో చూసి పద్మిని గారు, "చాలామంది ఉన్నారక్కా వెనక," అన్నారు.

"ఉండనీ," అంది రాధక్క. "నీ స్పీడ్‌లో నువ్వు వెళ్ళు."

స్కూలు గేటు దాకా అలాగే వెళ్ళాం. ఒక్కరు కూడా హారన్ కొట్టలేదు.